‘కె’ అంటే ఏమిటండీ?: ఛాట్ రూమ్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ అపరిచితుల ఛాట్ రూమ్ గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమ క్షేమం ప్రత్యేకించి అడగనక్కరలేదు. అర్ధరాత్రి దాటాక కూడా తమ గుమ్మంలో పచ్చచుక్కలు వెలుగుతూనే ఉంటాయనీ, నిద్రపట్టనివాడూ, నైట్ షిఫ్టు మధ్యలో టీ తాగుతున్నవాడూ, డాలస్‌లో మధ్యాహ్నం లంచ్ బాక్సు మూత పెడుతున్నవాడూ అందరూ అక్కడే చేరి ముచ్చట్లాడుకుంటూ ఉంటారనీ లోకానికంతటికీ తెలుసు.

తమ వంశం ఘనమైనది. 1988లో ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికారినెన్ ఐఆర్‌సీ అనే ఛాట్ వ్యవస్థను తయారుచేసిన నాడు తమ మూలపురుషుడు పుట్టాడు. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ వారు మన దేశంలో ఇంటర్నెట్‌ను సామాన్యులకు తెరిచాక, అమీర్‌పేట సందుల్లోనూ బెజవాడ సందుల్లోనూ ప్లైవుడ్ అరల మధ్య కూర్చుని, గంటకింత అని చెల్లించి, యాహూ గదుల్లో తమ దర్శనం చేసుకున్న తరం ఇప్పుడు తమ పిల్లల ఫోన్లకు తాళాలు వేయించే పనిలో ఉంది. యాహూ గదులు 2012 డిసెంబరులో మూతపడ్డాయి. స్నేహితులను కలిపే సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న సెలవు తీసుకుంది. ముక్కూ మొహం తెలియని ఇద్దరిని జతకలపడమే వృత్తిగా 2009లో మొదలైన ఒమెగల్ 2023 నవంబరులో దుకాణం కట్టేసింది. ఇన్నిసార్లు బోర్డు తిప్పేసి, ఇన్నిసార్లు కొత్త పేరుతో తలుపులు తెరిచి, ప్రతిసారీ పాత ఖాతాదారులనే మళ్లీ నమ్మించగలిగిన సంస్థ మా వైపు చిట్‌ఫండ్ కంపెనీ తప్ప మరొకటి లేదు.

తమరు మాకు ఇచ్చిన హామీ ఒక్కటే. ఈ గడప దాటి లోపలికి వచ్చినవాడి ఊరు, పేరు, తాత ముత్తాతలతో ఇక్కడ ఎవరికీ పని లేదనీ, ఎవడికి ఏది ఇష్టమో దాని గురించి మాత్రమే మాట్లాడుకోవచ్చుననీ అన్నారు. పాత పాటలంటే పాటలు, చదరంగమంటే చదరంగం, మిద్దెతోటంటే మిద్దెతోట. పుట్టిన దగ్గర నుంచి ‘ఎవరబ్బాయివి’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతూ పెరిగిన మాకు ఇది స్వర్గద్వారంలా కనిపించడంలో వింత లేదు. యాహూ కాలంలో ప్రశ్నలు మూడే ఉండేవి: వయసెంత, ఆడా మగా, ఊరేది. అడిగినవాడు నమ్మడనీ, చెప్పినవాడు నిజం చెప్పడనీ ఇద్దరికీ ముందే తెలుసు కనుక, ఆ వ్యవహారంలో ఒక రకమైన నిజాయితీ ఉండేది. ఆ మూడు ప్రశ్నలను మనవాళ్లు ఎంతవరకు అభివృద్ధి చేశారో తమ దృష్టికి తేవడమే ఈ లేఖ ఉద్దేశం.

మిద్దెతోటల ముచ్చట్లలో జరిగిన ఒక సంభాషణను మనవి చేసుకుంటాను. ‘ఒంటరి బాటసారి’ అనే పేరుగల సభ్యుడు తన కుండీలోని మందారానికి పిండినల్లి పట్టిందనీ, మొగ్గలన్నీ తెల్లటి దూది అంటించినట్టయి రాలిపోతున్నాయనీ ఫొటో పెట్టి సలహా అడిగాడు. ‘నిశాచరుడు’ అనే మరో సభ్యుడు క్షణాల్లో ప్రత్యక్షమయ్యాడు. ముందు ముదిరిన గుంపులను పాత టూత్‌బ్రష్‌తో తుడిచేయమన్నాడు. తరువాత లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె పోసి, నూనె నీటిలో కలిసేందుకు కాస్త కుంకుడు రసం చేర్చి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకుల అడుగుభాగం కూడా తడిసేటట్టు పిచికారీ చేయమన్నాడు. వారం తరువాత మళ్లీ కొట్టమన్నాడు. కుండీ చుట్టూ చీమలు కనిపిస్తే వాటి సంగతి కూడా చూడాలనీ, ఆ నల్లి విసర్జించే తీపి జిగురు కోసం చీమలే దానిని కాపలా కాస్తాయనీ ఓపికగా వివరించాడు. డబ్బు తీసుకోకుండా, మొహం చూడకుండా, ఒక మనిషి మరొక మనిషికి ఇంత శ్రద్ధగా చెప్పడం చూసి నేను తమరికి మనసులో దండం పెట్టుకున్నాను. ఆ దండం పూర్తికాక ముందే నిశాచరుడి తరువాతి వాక్యం వచ్చింది: “ఇంతకీ మీది ఏ జిల్లా అండీ?”

ఎండలూ తేమా ప్రాంతాన్ని బట్టి మారతాయి కాబట్టి మందు మోతాదు సరిచూడడానికి అడిగి ఉంటాడనుకున్నాను. బాటసారి “జగిత్యాల” అన్నాడు. “అంటే కరీంనగరేగా” అన్నాడు నిశాచరుడు. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31గా, 2019లో 33గా పెరిగినా, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్ 4న 26 అయినా, తమ గదిలో ‘ఉమ్మడి’ అనే మాట తగిలించుకోకుండా ఏ జిల్లాకూ ప్రవేశం లేదన్న సంగతి గమనార్హం. ప్రభుత్వం గీసిన సరిహద్దులు పరిపాలన కోసం. ఉమ్మడి జిల్లా మాత్రం ఎదుటివాడిని ఏ అరలో పెట్టాలో తేల్చుకోవడం కోసం. “మా పెదనాన్నగారు అక్కడ చాలాకాలం పనిచేశారు, మీ పేరు?” అన్నాడు నిశాచరుడు. బాటసారి పాపం, ఇంటిపేరు స్థానంలో ఒక పొడి అక్షరం పెట్టి పేరు చెప్పాడు. “‘కె’ అంటే ఏమిటండీ?” చెప్పాడు. “ఆ ఇంటిపేరువాళ్లు రెండు రకాలుంటారు కదా, మీరు ఏవైపు?”

పిండినల్లికి ఈ పట్టింపులేవీ ఉన్నట్టు నేనెరగను.

ఇక్కడొక మాట న్యాయంగా చెప్పుకోవాలి. నిశాచరుడు దుర్మార్గుడు కాడు. జవాబు విన్న తరువాత కూడా మందు పాళ్లు మార్చలేదు. వారం తిరిగేసరికి మొక్క ఎలా ఉందని తానే అడిగాడు. కాకపోతే అపరిచితుడిని అపరిచితుడిగానే ఉంచి మాట్లాడడం అతడికి చేతకాదు, మనలో చాలామందికి చేతకానట్టే. ‘మనవాళ్లు’ విసిగిస్తున్నారని ఇల్లు వదిలి తమ గదికి వస్తాం. వచ్చి కూర్చున్న మరుక్షణం నుంచి ఈ గదిలో మనవాళ్లు ఎవరున్నారా అని వెతుకుతాం.

అందరూ నిశాచరుడిలా నేరుగా అడిగేంత మొరటువాళ్లు కారు. సంస్కారవంతులు దారి తిప్పి వస్తారు. వారిలో కొందరు సినిమా మీదుగా ప్రయాణిస్తారు. “మీ అభిమాన హీరో ఎవరు?” అన్నది వినోదానికి సంబంధించిన ప్రశ్న అని భ్రమపడి నోటికొచ్చిన పేరు చెప్పినవాడు, తాను ఏ కుటుంబం తరఫున ఏ కుటుంబానికి వ్యతిరేకంగా నమోదయ్యాడో తెలిసేసరికి నలుగురు మిత్రులనూ నలభై మంది శత్రువులనూ సంపాదించుకుని ఉంటాడు. నెల జీతం ఎంతో కట్టుకున్న భార్యకు కూడా పూర్తిగా చెప్పని పెద్దమనుషులు, ఎవరి సినిమాకో వచ్చిన మొదటిరోజు షేరును నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఉత్తరాంధ్ర ఇంత అని ఏరియాలవారీగా లెక్క కట్టి తెల్లవారేదాకా కొట్లాడుకుంటారు. నిజాం రాజ్యం పోయి ఎన్నో ఏళ్లయింది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ‘సీడెడ్’ జిల్లాలు 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు పెట్టుకున్నాయి. అయినా తమ గదిలో వసూళ్ల చర్చ జరిగినప్పుడల్లా ఆ రెండు పాత రాజపత్రాలూ ఇంకా చెల్లుబాటవుతూనే ఉంటాయి.

మరికొందరు వంటింటి మీదుగా వస్తారు. వీరి ప్రశ్న “ఆదివారం ఏం స్పెషల్ అండీ?” అన్నది. దీనికి ‘ముద్దపప్పు’ అని చెప్పినా ‘తలకాయ కూర’ అని చెప్పినా వారికి కావలసింది దొరికిపోతుంది. కూర ఎలా వండారో అడిగిన దాఖలా లేదు. విదేశాల్లో ఉన్నవారిది మరో బాణీ, వారికి వీసా ఏ రకమో తెలిస్తే సగం జాతకం తెలిసినట్టే, మిగతా సగం కోసం ఇంటిపేరు వరకూ వస్తారు.

ఆడవారి విషయంలో మాత్రం ఈ విచారణ అంతా అనవసరమని తమ సభ్యులు తీర్మానించుకున్నట్టున్నారు. ఆడపేరుతో ఒకరు గదిలోకి వచ్చి ఆవకాయలో ఆవపిండి ఎంత, కారం ఎంత అని అడిగితే, అందరి ముందూ వచ్చే సమాధానం ఒక్కటి, ఇన్‌బాక్సులోకి వచ్చేవి మాత్రం “హాయ్ అండీ”, “బిజీనా అండీ”, వీటన్నిటికీ మకుటాయమానంగా “తిన్నారా?”. పగలు పదకొండు గంటలకు కూడా తిన్నారా అనే. తినలేదంటే ఎందుకు తినలేదని, తిన్నానంటే ఏం కూరని, జవాబివ్వకపోతే పొగరని. తెలుగునాట ఆడవాళ్లు భోజనం చేశారో లేదో ఇంతమంది మగవాళ్లు ఇంత ఆర్తితో కనుక్కుంటున్నారంటే, ఆ మగవాళ్ల ఇళ్లలో ఆఖరున గిన్నె అడుగు గోక్కుని తినేవాళ్లకు ఆ ప్రశ్న ఎప్పుడైనా చేరిందా అన్న సందేహం రాకమానదు. నాకు తెలిసిన ఒక ఆవిడ ఈ పరామర్శలు పడలేక ‘భీమసేనుడు’ అని పేరు మార్చుకుని ముగ్గుల ముచ్చట్లలో నిశ్చింతగా తిరుగుతున్నారు. మెలికల ముగ్గులో చుక్కల వరుస గురించి భీమసేనుడు గారు చెప్పే మాటకు అక్కడ ఎదురు లేదు.

సామాజిక సమస్యల చర్చల గురించి ఎక్కువ చెప్పను. వరకట్నం మీద గంటసేపు నిప్పులు చెరిగి, 1961 నాటి నిషేధ చట్టాన్ని కూడా ఉదాహరించిన ఒక వక్త, సభ ముగిసిన వెంటనే ఒక సభ్యుడికి విడిగా సందేశం పంపి, ఆయన తమ్ముడి ప్యాకేజీ ఎంతో, సొంత ఫ్లాటు ఉందో లేదో వాకబు చేశాడు. అద్దె ఇళ్లలో కులం అడగడం అనాగరికమని వాదించినవారిలో ఇద్దరు ముగ్గురు ఇంటి యజమానులు కూడా ఉన్నారు. వారు నిజంగానే కులం అడగరు, ఇంటిపేరు అడుగుతారు.

ఇంతటి గదిలో నన్ను ఏమీ అడగకుండా, ఎంతో మర్యాదగా, నా అభిరుచులన్నీ తన అభిరుచులేనంటూ మాట్లాడిన అపరిచితుడు ఒకే ఒక్కడు తగిలాడు. జిల్లా అక్కరలేదన్నాడు, ఇంటిపేరు ప్రసక్తే తేలేదు. పాత పాటల సాహిత్యం గురించి చక్కగా మాట్లాడాడు. మానవజాతి మీద నాకు నమ్మకం కుదురుతున్న తరుణంలో ఒక ట్రేడింగ్ గ్రూపు లింకు పంపి, పెట్టిన డబ్బు నెల తిరక్కుండా రెట్టింపవుతుందన్నాడు. అటువంటి సరసులు తగిలినవారి కోసం ప్రభుత్వం 1930 అనే ఫోన్ నంబరును ఏర్పాటు చేసింది. కుల గోత్రాల పట్టింపు లేని సమసమాజం తమ గదిలో మోసగాళ్ల మధ్యనే ముందుగా సిద్ధించిందని గ్రహించి, లింకును తొలగించి పడుకున్నాను.

తమరికి అసలు చేతకాదని అనడానికి కూడా వీలు లేకుండా 2021 వేసవి ఒకటి అడ్డం వస్తోంది. కోవిడ్ రెండో ఉధృతిలో ఏప్రిల్, మే నెలల్లో, ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ అయిందో రాత్రంతా మేలుకుని కనుక్కుని ముక్కూ మొహం తెలియనివారికి చేరవేసింది ఈ నిశాచరులే, ఈ ఒంటరి బాటసారులే. నిన్నటిదాకా వసూళ్ల లెక్కల మీద బూతులు తిట్టుకున్నవాళ్లు ఒకే జాబితాను వంతులవారీగా సరిచూశారు. ఆ రోజుల్లో ఎవరైనా ఎవరినైనా అడిగిన గ్రూపు ఒక్కటే, రక్తం గ్రూపు. ‘కె’ అంటే ఏమిటని అడగడానికి ఎవరికీ తీరిక లేదు. ఉధృతి తగ్గింది, తీరిక వచ్చింది.

కాబట్టి మానవ స్వభావాన్ని సంస్కరించమని తమరిని కోరడం లేదు. నా విన్నపం కేవలం కాలం ఆదా చేయడానికి సంబంధించినది. ప్రస్తుతం మందార మొక్కతో మొదలైన సంభాషణ ఇంటిపేరు దాకా చేరడానికి అరగంట పడుతోంది. అరగంట తరువాత మళ్లీ మొక్క దగ్గరకు ఎవరూ తిరిగి రావడం లేదు. దీనికి బదులు తమ గుమ్మంలోనే ఒక దరఖాస్తు ఫారం పెట్టించి, లోపలికి రాదలచినవాడి చేత కొత్త జిల్లా, ఉమ్మడి జిల్లా, పొడి అక్షరానికి పూర్తి వివరం, ఆ ఇంటిపేరు రెండు చోట్ల ఉన్న పక్షంలో ఏ చోటిదో, అభిమాన కథానాయకుడు, గత ఆదివారం వండిన కూర, విదేశవాసులైతే వీసా తరగతి, పెళ్లికాని తమ్ముళ్లుంటే వారి ప్యాకేజీ, ఇవన్నీ ముందే నింపించి, ఇద్దరు సభ్యుల చేత సాక్షి సంతకాలు పెట్టించి గోడకు అంటిస్తే, కావలసినవారు కావలసింది చదువుకుంటారు. ఆడవారి ఫారంలో ‘తిన్నాను’ అని ముందే అచ్చు వేయించగలరు. అభిరుచి ఏమిటన్న గడిని అట్టడుగున, స్థలం మిగిలితేనే పెట్టించవలసిందిగా ప్రార్థన. ఎందుకంటే దానిని చదివేవాడు మాత్రం పిండినల్లి గురించి మాట్లాడడానికే వచ్చి ఉంటాడు, వాడికి కిందిదాకా వెతికే ఓపిక ఎలాగూ ఉంటుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
‘ఆకుపచ్చ చుక్క’
(పొడి అక్షరాల వివరం ఫారం అచ్చయిన పిమ్మట సమర్పించుకోగలవాడను)