లోన పటారం, పైన లొటారం

ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ బొమ్మ విమానం కిట్ కొంటాం. పెట్టె మూత మీద విమానం మబ్బుల్ని చీల్చుకుంటూ పోతుంటుంది. కింద మూలన చిన్న ఎర్ర గుండ్రంలో "సీటు బెల్టులు, బకిల్స్‌తో సహా" అని రాసి ఉంటుంది. మన పాట్లన్నీ ఈ "సహా" దగ్గరే మొదలు. 1/48 స్కేల్‌లో ఆ బకిల్ ఎంతుంటుందో తయారీదారులవారు చెప్పరు కనక లెక్క మనమే వేసుకుందాం. అసలు బకిల్ 5 సెంటీమీటర్లనుకుంటే, 48తో భాగిస్తే ఒక మిల్లీమీటరు, పైన ఓ పిసరు. దాన్ని 0.1 మిల్లీమీటరు మందం ఇత్తడి రేకులోంచి కోయాలి. మెత్తటి కటింగ్ మ్యాట్ మీద కోస్తే ముక్క వంగిపోతుంది, కింద గాజుపలక ఉండాలి. బెల్టు సీటు వంపు తిరగాలంటే ముందు మంట మీద ఒక్క క్షణం చూపించి మెత్తబరచాలి. తరవాత సూది మొనతో సూపర్ గ్లూ చుక్క అద్ది, దాని మీద కూర్చోబెట్టాలి. కోసే ముందు పైన మాస్కింగ్ టేపు ముక్క అతికించడం మరిచిపోతే బకిల్ ఎగిరిపోతుంది. కిట్ మొత్తంలో నిజంగా ఎగరగలిగిన భాగం అదొక్కటే.

ఇదంతా అయ్యాక ఫ్యూజలాజ్ (విమానం మొండెం) రెండు సగాలూ మూసేస్తాం. బెల్టు మళ్లీ వెలుగు చూడదు.

పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే వాళ్లు ఈ కాలపు విమానం కిట్ చూడలేదు. మన తయారీదారులు ఎంతో పరిశోధన చేసి ఆ సామెతను తిరగేశారు. లోపల ట్రిమ్ చక్రం, గొలుసు, మీటల మీద అక్షరాలు, ఎవరి కంటా పడని హైడ్రాలిక్ గొట్టం అన్నీ ఉంటాయి. బయట రెక్కకీ మొండేనికీ మధ్య వేలిగోరు దూరేంత సందు.

ఇంజన్ సంగతి తీసుకుందాం, అక్కడే వాళ్ల ప్రతిభ తారస్థాయికి వెళ్తుంది. థండర్‌బోల్ట్, కోర్సెయిర్, హెల్‌క్యాట్ అనే రెండో ప్రపంచ యుద్ధపు అమెరికా విమానాలు మూడింటికీ ముక్కులో ఉన్నది డబుల్ వాస్ప్ ఇంజనే. రెండు వరసల్లో తొమ్మిదేసి చొప్పున 18 సిలిండర్లు, ఒక్కోదానికి రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వెరసి 36 తీగలు. కిట్ వాళ్లు తీగలివ్వకపోతే విడిగా ఇచ్చేవాళ్లున్నారు. 0.2 మిల్లీమీటర్ల రాగి తీగని 36 ముక్కలు చేసి, సిలిండర్ పక్కన అదే మందం పిన్ డ్రిల్‌తో రంధ్రం పెట్టి, ఒక్కో ముక్కా దూర్చాలి. మొదటి వరస తొమ్మిది సిలిండర్లు ముందు నుంచి కనిపిస్తాయి, సరే. వెనక వరస తొమ్మిదీ ముందు వరస చాటున, కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు) కడుపులో ఉంటాయి. అంటే 18 తీగల్ని చూసే భాగ్యం వాటిని అతికించినవాడికి తప్ప ఎవరికీ లేదు.

అదైనా నయం. ఇంజన్ నిక్కచ్చిగా స్కేల్ ప్రకారం ఉంటే కౌలింగ్ పట్టదు. తప్పు ఇంజన్‌ది కాదు, లెక్కది. డబుల్ వాస్ప్ వ్యాసం సుమారు 1.34 మీటర్లు, 1/48లో 28 మిల్లీమీటర్లు. దాని చుట్టూ అసలు విమానంలో ఉండేది మిల్లీమీటరు అటూ ఇటూ అల్యూమినియం రేకు. కిట్‌లో ఉండేది దగ్గర దగ్గర మిల్లీమీటరు మందం ప్లాస్టిక్. దీన్ని 48తో గుణించండి. రెండో ప్రపంచ యుద్ధపు షెర్మన్ ట్యాంకు పక్క కవచం 38 మిల్లీమీటర్లు. మన విమానం కౌలింగ్ 48! ట్యాంకు కన్నా మందమైన తోలు తొడుక్కుని అది ఆకాశంలో ఎలా తిరిగిందో దేవుడికెరుక. బయటి కొలత సరిగ్గా ఉండాలంటే ఆ మందమంతా లోపలి చోటునే తినాలి. అంటే వ్యాసంలో 2 మిల్లీమీటర్లు పోయాయి. ప్లాస్టిక్‌ని మరీ పల్చగా పోయబోతే అచ్చులో చివరిదాకా పారదు, ముక్క సగంలో ఆగిపోతుంది. ఇది అచ్చులు చేసేవాళ్లందరికీ తెలుసు. తెలిసే లోపల నిక్కచ్చి ఇంజన్ పెడతారు. కాబట్టి కొన్నవాడు చేసే పని: అంత మురిపెంగా కొన్న రెజిన్ (పోత ప్లాస్టిక్) ఇంజన్ సిలిండర్ల తలకాయలు గరుకు కాగితంతో అరగదీయడం. తడిపి రుద్దండి, ముక్కుకి మాస్కు పెట్టుకోండి. రెజిన్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. సూక్ష్మ వివరాలు ఆ పొడిలోనే ఉంటాయి.

ఇక కట్టడం పూర్తయిన విమానం లోపలి భాగాల దర్శన విధానం. మోడల్ కట్టిన ప్రతి ఇంట్లోనూ జరిగే తంతే ఇది. చూడవచ్చినవారు ఒక కన్ను మూయాలి. తల ఎడమకి వాల్చాలి. కట్టినవారు సన్నటి టార్చి పట్టుకుని కేనపీకి (కాక్‌పిట్ మీది పారదర్శక మూతకి) నలభై అయిదు డిగ్రీల కోణంలో వెలుగు వేస్తారు.

"కనిపించిందాండీ?"

"ఏదో మెరుస్తోందండీ."

"అది మీ కళ్లజోడు. కొంచెం కిందకి వంగండి. నల్లటి పలక ఉందా? దాని మీద ఏడు డయళ్లు. అయిదో దాంట్లో ముల్లు 12 మీద ఉంది చూడండి."

"ఆఁ... నల్లగా ఉంది."

"అదే! ఇప్పుడు దాని వెనక, కుడి పక్క, సీటు కింద చెయ్యి పంపు. అది ఇక్కణ్నుంచి కనపడదు, తోక వైపు రండి."

తోక వైపు వెళ్తారు. అక్కణ్నుంచి కేనపీ చట్రం అడ్డం. ముక్కు వైపు వస్తారు. అక్కణ్నుంచి గన్‌సైట్ అడ్డం. ఆ గన్‌సైట్ కూడా మూడు ముక్కలు, అందులో ఒకటి గాజు. పైనుంచి చూద్దామని కుర్చీ ఎక్కుతారు. పైనుంచి కనిపించేది సీటు వీపు. చివరికి కట్టినవారు ఫోన్ తీసి, మూయకముందు తీసిన ఫొటో చూపిస్తారు. అప్పుడు చూడవచ్చినవారు మొదటిసారి మనస్ఫూర్తిగా "అబ్బ!" అంటారు. ఆ "అబ్బ" ఫొటోకి. విమానం పక్కన ఊరికే నిలబడి ఉంటుంది. ఈ లెక్కన కొందరు మూత మూయకుండా విడిభాగాలే అద్దాల పెట్టెలో పెట్టుకుంటున్నారంటే తప్పు పట్టలేం.

మధ్యలో ఒక మాట. అచ్చులోంచి ముక్కని నెట్టే పిన్నులు గుండ్రటి గుంటలు వదులుతాయి. వాటినైనా కనపడని చోట పెట్టొచ్చుగా? పెట్టరు. సీటు వీపు మీదా, చక్రం తలుపు లోపలి వైపూ పెడతారు. బయటికి కనిపించే చోటు ఏదో వాళ్లకి ఎంత బాగా తెలుసో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. సూచనల కాగితంలో పధ్నాలుగు బొమ్మల దాకా కాక్‌పిట్టే. పదిహేనో బొమ్మలో రెండు బాణాలు: సగాలు మూయండి, రెక్కలు పెట్టండి. అంతే! మూసేసరికి మూతపడదు. ఎందుకంటే లోపలి గోడల మీద ఇత్తడి పలకలు, వాటి మీద ప్రైమర్, రంగు, వార్నిష్. పక్కకి 0.1 మిల్లీమీటరు చేరినా చాలు, కాక్‌పిట్ భాగాలన్నీ అమర్చిన తొట్టె బిగుసుకుపోతుంది. తొట్టెని కాదు, ఫ్యూజలాజ్ గోడని లోపల నుంచి గీకండి. అతికే అంచుల మీద రంగు ఉండకూడదు. ప్రతి ముక్క పెట్టాకా ఒకసారి పొడిగా మూసి చూడండి.

అయినా రెక్క మొదట్లో అర మిల్లీమీటరు సందు ఉంటుంది. అర మిల్లీమీటరంటే అసలు విమానంలో 24 మిల్లీమీటర్ల పగులు! అంత పగులున్న విమానాన్ని ఎవడైనా రన్‌వే మీదికి వెళ్లనిస్తాడా? పుట్టీ పెట్టి రుద్దుకోమంటారు. రుద్దితే ఏం పోతాయి? రెక్క మీద చెక్కిన రివెట్లే పోతాయి! పెట్టె మీద గొప్పగా చెప్పిన ఆ రివెట్లే! మీరు చెక్కిందాన్ని మీ తప్పు దిద్దడానికి మేం చెరిపేయాలా? ఈ పని మా చేత చేయించి దీనికి "నైపుణ్యం" అని పేరొకటి. నైపుణ్యం కాదిది, మీ బాకీ. రెండు ముక్కలు అతకడం కిట్‌కి కనీస ధర్మం. అది చేతకానప్పుడు బకిల్స్ ఎవడడిగాడు?

కోపం వచ్చింది, ఏమనుకోకండి. ఉపాయం చెప్పి తీరాలి. కింది రెక్క ఒకే ముక్కగా వచ్చే కిట్‌లో ముందు పై రెక్కల్ని ఫ్యూజలాజ్‌కి బిగువుగా అతికించండి, ఆ తర్వాతే కింది ముక్క. సందు ఉంటే కిందికి పోతుంది. ఫ్యూజలాజ్ సన్నగా ఉంటే స్ప్రూ (విడిభాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ కడ్డీ) ముక్క కొలిచి కోసి లోపల అడ్డంగా బిగించి గోడల్ని బయటికి తొయ్యండి. ఆరేదాకా రెక్కల కొసల్ని పైనుంచి టేపుతో కలిపి లాగి ఉంచండి. ఇంకా మిగిలిన వెంట్రుకవాసి సందులో తెల్ల జిగురు నింపి తడి దూదిపుల్లతో తుడవండి. రుద్దే పని లేదు, రివెట్లు బతుకుతాయి.

కేనపీని సూపర్ గ్లూతో మాత్రం అతికించకండి, ఆవిరికి లోపల మంచు పట్టినట్టవుతుంది. అక్కడా తెల్ల జిగురే. తెరిచి పెట్టాలనుకుంటే ఆ మందం ముక్క వెనక గాజు మీద టోపీలా లేచి నిలబడుతుంది. పల్చటి వాక్యూఫార్మ్ (వేడి చేసిన రేకుని గాలి లాగి అచ్చుకి అతికించి చేసిన) కేనపీ విడిగా కొని, కత్తెర పట్టుకోవాలి. అన్ని వేల గంటలు లోపల చెక్కించినవాళ్లు దాని మీద మూత మాత్రం భూతద్దంలా పోశారు మరి.

వచ్చే ఏడాది ఇదే విమానం కొత్త పెట్టెలో వస్తుంది. ఉక్కు అచ్చు మళ్లీ చెక్కాలంటే బోలెడు ఖర్చు, ఇత్తడి రేకు ఇంకోటి వెయ్యడం చవక. కాబట్టి రెక్క పాతదే, సందు పాతదే. డెకాల్స్ (విమానం మీద అతికించే గుర్తులు) కొత్తవి, బకిల్స్ ఈసారి రంగు వేసినవి.