సవరణ: అణువు మోటారు ఎటు తిరుగుతుంది?

కరెంటుతో తిరిగే ఒంటరి అణువు గురించి మొన్నటి పోస్టులో, "బోరు మోటారుకు రెండు ఫేజులు మార్చినట్టే, వైర్లు మారిస్తే ఇదీ ఎదురు తిరుగుతుంది" అని ఉంది. అది సరికాదు. మన వరంగల్ రైతులకు ఆ పోలిక ఇట్టే అర్థమవుతుంది గానీ, ఇక్కడ పనికిరాదు.

2013లో ఒహాయో యూనివర్సిటీ, ఫ్రాన్స్‌లోని తులూజ్ శాస్త్రవేత్తలు బంగారం మీద నిలబెట్టిన అణువుకు కింద మూడు కాళ్లు, మధ్యలో బేరింగుగా రుథేనియం అనే లోహపు పరమాణువు ఒకటి, పైన ఐదు చేతులు. అందులో ఒక చెయ్యి పొట్టిది. కిటుకంతా అక్కడే. టన్నెలింగ్ మైక్రోస్కోపు (సన్నని సూది మొనతో అణువులను చూసే, కదిలించే పరికరం) మొన నుంచి ఎలక్ట్రాన్లు పొట్టి చేతి గుండా వెళ్తే ఒకవైపు, పొడవు చేతుల గుండా వెళ్తే రెండోవైపు తిరుగుతుంది.

మైనస్ 268 డిగ్రీల చలిలో రాగి మీద తిరిగింది వేరే అణువు, 2011లో టఫ్ట్స్ యూనివర్సిటీది. మొన్నటి పోస్టులో దాని గురించిన పేరా మార్చలేదు.