‘మొదటి ఏడాది జీతం అడగకండి’ అన్నది సలహా కాదు

పీహెచ్‌డీ ముగింపుకు వచ్చినవాళ్లున్న ప్రతి వాట్సాప్ బృందంలోనూ ఒకే సందేశం తిరుగుతోంది. ‘విశ్వవిద్యాలయాల్లో సైన్సు పోస్ట్‌డాక్ ఫెలోషిప్పులు: ఎవరూ చెప్పని ఏడు నిజాలు’ అని దాని పేరు. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక మరికొన్నాళ్లు పరిశోధన చేసే దశ. రాసినవారెవరో తెలియదు, ఏ సంవత్సరం నిబంధనల గురించి చెబుతున్నారో తెలియదు. అయినా చదువుకున్న మిత్రులే, ఇతరుల పరిశోధన వ్యాసాల్లో చిన్న పొరపాటును కూడా వదలని మిత్రులే, దాన్ని ‘చాలా ఉపయోగకరం’ అని చేర్చి మరీ పంపుతున్నారు. విడివిడిగా జవాబులు రాసి విసిగిపోయాను. అందుకే అన్నిటికీ కలిపి ఒకేచోట రాస్తున్నాను.

సందేశం చెప్పే ఏడు ‘నిజాలు’ ఇవి. ఫెలోషిప్పులు ఏటా మిగిలిపోతున్నాయి. ముప్పై అయిదేళ్లు దాటితే అర్హత లేదు. పేరున్న జర్నల్‌లో వ్యాసం లేకపోతే దరఖాస్తు దండగ. పీహెచ్‌డీ అంశాన్నే కొనసాగించాలి. ఒకే ఉత్తరాన్ని రెండు వందల మంది ప్రొఫెసర్లకు పంపాలి. మొదటి ఏడాది జీతం అడగకుండా చేరితే ఫెలోషిప్పు దానంతటదే వస్తుంది. ఒకచోట తిరస్కరిస్తే అక్కడికి మళ్లీ వేయకూడదు.

మిగిలిపోవడం సంగతి ముందు చూద్దాం. యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్పులకు 2024లో 10,360 దరఖాస్తులు వచ్చాయి. దక్కింది 1,696 మందికి. అంటే ఆరుగురిలో ఒకరికి. 2025లో దరఖాస్తులు 17 వేలు దాటాయి. ఇక మిగిలినవి ఎక్కడ? ఈ అపోహకు మూలం నాకు తెలుసు. ఒక ప్రొఫెసర్ తన పరిశోధనకు మంజూరైన గ్రాంటు డబ్బుతో ఒక ప్రాజెక్టుకు మనిషిని వెతుకుతారు. ఫలానా పరికరం మీద ఫలానా పద్ధతి తెలిసినవారే కావాలి. దొరకరు. అదే ప్రకటన మూడోసారి కూడా వస్తుంది. చూసినవాళ్లు ‘అదిగో, ఎవరూ వేయడం లేదు’ అనుకుంటారు. అది ఉద్యోగం, ఫెలోషిప్పు కాదు. అక్కడ అంశం ప్రొఫెసర్‌ది, డబ్బు ప్రొఫెసర్‌ది, గ్రాంటు ముగిస్తే మీ పనీ ముగుస్తుంది. ఫెలోషిప్పులో ప్రతిపాదన మీది, మంజూరు మీ పేరు మీద. రెండూ గౌరవమైనవే. గొప్ప సైన్సు రెండు దారుల్లోనూ జరిగింది. కానీ మొదటిదానికి మీ చేతి నైపుణ్యాన్ని చూస్తారు, రెండోదానికి మీరు వేసే ప్రశ్నను చూస్తారు. ఈ తేడా తెలియకుండా సిద్ధపడితే ఏడాది వృథా అవుతుంది. ఈ తేడా గురించి సందేశంలో ఒక్క వాక్యం కూడా లేదు.

ముప్పై అయిదేళ్ల నిబంధన అన్నిచోట్లా ఉందనడం తప్పు. పెద్ద పథకాలు చాలావరకు డాక్టరేట్ వచ్చిన నాటి నుంచి లెక్కవేస్తాయి, పుట్టిన తేదీ నుంచి కాదు. జర్మనీలోని హంబోల్ట్ సంస్థ ఇచ్చే పోస్ట్‌డాక్ ఫెలోషిప్పుకు నాలుగేళ్లు, మేరీ క్యూరీకి ఎనిమిదేళ్లు. పిల్లల పెంపకం వంటి విరామాలకు ఆ లెక్కలో సడలింపు కూడా ఉంటుంది. నలభై రెండేళ్లకు డాక్టరేట్ వచ్చిన మనిషి ఈ సందేశం చదివి దరఖాస్తు మానుకుంటే ఆ నష్టానికి బాధ్యులెవరు?

పేరున్న జర్నల్ సంగతికి రెండు మాటలు చాలు. జర్నల్ ప్రభావ సూచికను (ఇంపాక్ట్ ఫ్యాక్టర్) బట్టి మనిషిని కొలవకూడదని చెప్పే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లో వెలువడింది. నిధులిచ్చే సంస్థలు, విశ్వవిద్యాలయాలు ఎన్నో దాని మీద సంతకం చేశాయి. సంతకం చేసినవారందరూ ఆచరిస్తున్నారని నేను అనను, కానీ మొదటి రచయితగా మీరు చేసిన ఒక గట్టి పని, అది ఎక్కడ అచ్చయినా, దరఖాస్తుకు అర్హమైనదే.

పీహెచ్‌డీ అంశాన్నే పట్టుకుని ఉండాలన్న మాట మాత్రం నన్ను బాధించింది. పోస్ట్‌డాక్ ఉన్నదే మారడానికి కదా. హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ ప్రోగ్రామ్ అనే అంతర్జాతీయ పథకంలో ఒక ఫెలోషిప్పు ప్రత్యేకంగా భౌతిక, రసాయన, గణిత, ఇంజనీరింగ్ శాస్త్రాల్లో డాక్టరేట్ చేసి జీవశాస్త్రంలోకి రావాలనుకునే వారికే ఇస్తారు. అక్కడ పాత అంశాన్నే కొనసాగిస్తామని రాస్తే అదే అనర్హత. వెంకట్రామన్ రామకృష్ణన్ 1976లో ఒహాయో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. తరువాత జీవశాస్త్రం నేర్చుకోవడానికి మళ్లీ విద్యార్థిగా చేరారు, ఆపైన యేల్‌లో పీటర్ మూర్ దగ్గర పోస్ట్‌డాక్‌గా, కణంలో ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్ మీద పని మొదలుపెట్టారు. 2009లో నోబెల్ వచ్చింది ఆ రైబోజోమ్ నిర్మాణానికే, అదీ రసాయనశాస్త్రంలో. అందరూ అంత దూరం మారనక్కర్లేదు. కానీ గైడ్ ల్యాబ్‌లో చేసిన నాలుగో అధ్యాయానికి అయిదో అధ్యాయం రాస్తామనే ప్రతిపాదనను సమీక్షకులు ఇట్టే గుర్తుపడతారు. ‘ఇందులో అభ్యర్థి సొంత ఆలోచన ఏది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు లేని దరఖాస్తు ఎంత అందంగా రాసినా నిలవదు. మేరీ క్యూరీ మూల్యాంకనంలో సగం బరువు శాస్త్రీయ నాణ్యతకే. మిగతా సగంలో ముప్పై శాతం ప్రభావానికి, ఇరవై శాతం పని జరిపే తీరుకు. కొత్త ల్యాబ్‌లో మీరు కొత్తగా ఏం నేర్చుకుంటారు, అక్కడివారికి ఏం నేర్పుతారు అన్నది ఆ నాణ్యత లెక్కలోనే ఉంటుంది.

రెండు వందల ఉత్తరాల సలహా. ‘గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ విశిష్ట పరిశోధనకు ఆకర్షితుడనై’ అని మొదలయ్యే ఉత్తరాన్ని మొదటి పంక్తిలోనే పారేస్తారు. ఏ పరిశోధన? ఏ వ్యాసం? ఆ పంక్తి ఎవరికైనా పంపవచ్చు కాబట్టి ఎవరికీ రాసినది కాదు. అయితే ప్రకటన కోసం ఎదురుచూడకుండా ముందుగా రాయమని సందేశం అంటుంది, అది సరైన మాటే. హంబోల్ట్, మేరీ క్యూరీ లాంటి పథకాలకు ఆతిథ్యం ఇచ్చే శాస్త్రవేత్త అంగీకారం లేకుండా దరఖాస్తే లేదు. గడువుకు కనీసం మూడు నాలుగు నెలల ముందు మాట్లాడుకోవాలి. ఎనిమిది మందికి రాయండి, కానీ ఎనిమిది ఉత్తరాలు రాయండి. వారి ఇటీవలి వ్యాసంలో మీకు తెగని ప్రశ్న ఏమిటో, దాన్ని తేల్చడానికి మీ దగ్గర ఏ పద్ధతి ఉందో రెండు పేరాల్లో చెప్పండి. జవాబు రాకపోతే రెండు వారాల తరువాత ఒకసారి గుర్తుచేయండి. చాలు.

ఇప్పుడు అసలు విషయం. మొదటి ఏడాది జీతం అడగకుండా చేరాలన్న ‘రహస్యం’. మిగతా ఆరు తప్పులనూ క్షమించగలను. దీన్ని క్షమించలేను, ఎందుకంటే దీన్ని నమ్మి ఇప్పటికే అప్పు చేసి టికెట్టు కొనుక్కున్నవారు ఉన్నారు.

సందేశం ఇక్కడ రసాయన శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా పేరు వాడుకుంది. ‘ఖొరానా జూరిచ్‌లో జీతం లేకుండా పనిచేశారు, అందుకే నోబెల్ స్థాయికి ఎదిగారు’ అని. మొదటి సగం నిజం. 1948లో లివర్‌పూల్‌లో డాక్టరేట్ ముగించి, ఆయన జూరిచ్‌లో వ్లాదిమిర్ ప్రెలోగ్ ల్యాబ్‌లో చేరారు. స్టైపెండు లేదు, దాచుకున్న డబ్బుతో గడిపారు. ఆ డబ్బు అయిపోయాక వెళ్లిపోవలసి వచ్చింది. ఫెలోషిప్పు దానంతటదే వచ్చి ఆయన్ను అక్కడ నిలబెట్టలేదు. తరువాత ఫెలోషిప్పు మీద కేంబ్రిడ్జ్‌లో అలెగ్జాండర్ టాడ్ దగ్గరికి వెళ్లాకే ఆయన మనసు ప్రోటీన్ల మీదికి, న్యూక్లియిక్ ఆమ్లాల (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ) మీదికి మళ్లింది. 1952లో వాంకూవర్‌లో సొంత బృందం, 1960లో విస్కాన్సిన్, 1968లో నోబెల్.

ఒకటి ఒప్పుకోవాలి. జూరిచ్‌లో గడిపిన ఆ కాలం ఆయనకు వృథా కాలేదు. పాత జర్మన్ రసాయన సాహిత్యం తిరగేస్తూ కార్బోడైఇమైడ్‌లు అనే రసాయనాల గురించి తెలుసుకున్నది అక్కడే. న్యూక్లియిక్ ఆమ్లాల విడి భాగాలైన న్యూక్లియోటైడ్‌లను జోడించే పనిలో తరువాత అవే ఆయనకు ముఖ్య సాధనమయ్యాయి. ప్రెలోగ్ సాంగత్యం తన ఆలోచనను, పని పట్ల తన దృష్టిని ఎంతగానో మలిచిందని ఖొరానాయే చెప్పుకున్నారు. కానీ ఆయనకు అదంతా ఇచ్చింది ఒక గొప్ప గురువు, ఒక మంచి గ్రంథాలయం. జీతం లేకపోవడం ఇచ్చింది ఒక్కటే, అర్ధాంతరంగా వెళ్లిపోవడం. దాన్ని ఇప్పుడు పద్ధతిగా ప్రచారం చేయడం ఖొరానా కష్టానికి మర్యాద కాదు.

దీనికన్నా ఘోరం ఇంకొకటి ఉంది. ఈ సలహా పాటిస్తే ఏ ఫెలోషిప్పు కోసం వెళ్తున్నారో దానికే అనర్హులవుతారు. మేరీ క్యూరీ ఫెలోషిప్పుకు ఒక నియమం ఉంది. దరఖాస్తు గడువుకు ముందున్న 36 నెలల్లో ఆతిథ్య దేశంలో 12 నెలలకు మించి నివసించి ఉండకూడదు, ప్రధాన వ్యాపకం అక్కడ ఉండకూడదు. జీతం తీసుకున్నారా లేదా అని ఆ నియమం అడగదు. ఏడాదిపాటు ఉచితంగా పనిచేసి, మరో రెండు నెలలు అక్కడే గడిచాక దరఖాస్తు తెరిచి చూస్తే, ఆ దేశంలోని ఏ ల్యాబ్‌కూ వేయడానికి వీలుండదు. హంబోల్ట్ కూడా అప్పటికే జర్మనీలో ఎక్కువకాలంగా ఉన్నవారిని తీసుకోదు. ఈ పథకాల ఉద్దేశమే ఒకచోటి నుంచి మరోచోటికి మనిషిని కదిలించడం. ‘ముందు చేరండి, తరువాత వస్తుంది’ అని రాసినవారు ఈ నియమం చదివారా? చదివి ఉంటే ఈ వాక్యం రాయలేరు. చదవకపోతే ఇతరుల బతుకుల గురించి రాయడానికి చేతులెలా వచ్చాయి?

ఆ ఏడాది మరోరకంగా కూడా తగ్గిపోతుంది. డాక్టరేట్ తరువాతి గడువు జీతం లేని నెలల్లోనూ నడుస్తూనే ఉంటుంది. హంబోల్ట్ ఇచ్చే నాలుగేళ్లలో ఒకటి పోయాక చేతిలో మూడే. జీతపు పత్రం లేనిచోట బీమా ఎవరిది? ల్యాబ్‌లో ద్రావకం ఒలికి చేయి కాలితే ఖర్చెవరిది? వ్యాసంలో మీ పేరు ఎక్కడ ఉండాలో తేల్చే మనిషే మీకు సిఫార్సు లేఖ కూడా రాయాలి. మధ్యలో మానేస్తే ఆ రెండూ చేజారతాయన్న భయం మనిషిని రెండో ఏడాది కూడా ఉచితంగా కట్టిపడేస్తుంది. అయినా ఈ దారిలో వెళ్లగలిగేది ఎవరు? ఏడాదిపాటు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోగలిగినవారే. అప్పుడు ఎంపిక జరిగేది ప్రతిభకు కాదు, తండ్రి బ్యాంకు ఖాతాకు.

చరిత్ర కూడా ఈ సలహాకు ఎదురే. అమెరికాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఫెలోషిప్పులు మొదలుపెట్టింది 1919లో. డాక్టరేట్ అయిన యువకులకు బోధన భారం లేకుండా, తిండికి వెతుక్కునే పని లేకుండా పరిశోధన సాగనివ్వాలన్నదే దాని ఆలోచన. రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, భౌతిక శాస్త్రవేత్త ఓపెన్‌హైమర్ ఆ డబ్బు మీద ఎదిగినవారే. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు మొదటి ఏడాది పోస్ట్‌డాక్‌కు నిర్ణయించిన స్టైపెండు 2025 ఆర్థిక సంవత్సరంలో 62,232 డాలర్లు. ఖరీదైన నగరాల్లో అది కూడా చాలడం లేదని పోస్ట్‌డాక్‌లు గొంతెత్తుతున్నారు. 2022 చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇతర విద్యా సిబ్బందితో కలిసి సమ్మెకు దిగి మెరుగైన ఒప్పందం సాధించుకున్నారు కూడా. ఉన్నవాళ్లు పెంచమని పోరాడి తెచ్చుకున్నదాన్ని, కొత్తగా వెళ్లేవాళ్లను సున్నాకు ఒప్పుకోమని చెప్పి పాడుచేయడం ఏ రకం మేలు?

కాబట్టి ఎవరైనా ప్రొఫెసర్ ‘ముందు వచ్చి పని చూపించండి, తరువాత చూద్దాం’ అంటే మర్యాదగా మూడు అడగండి. డబ్బు ఏ గ్రాంటు నుంచి వస్తుంది, అది ఎన్నాళ్లుంటుంది? నియామక పత్రం విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుందా? ఆరోగ్య బీమా, సెలవులు ఎవరు ఇస్తారు? మంచి ల్యాబ్‌లో ఈ ప్రశ్నలకు ఒక్కరోజులో జవాబు వస్తుంది. ప్రశ్న అడిగినందుకే నొచ్చుకునే ల్యాబ్‌లో చేరకపోవడమే మేలు. అలాగే ఆ ల్యాబ్‌లో ఇంతకుముందు పనిచేసి వెళ్లినవారిలో ఒకరికి రాయండి, ఇప్పుడున్నవారికి కాదు. వెళ్లినవారు నిజం చెబుతారు.

చివరిది తిరస్కరణ. ఒకసారి కాదన్నచోటికి మళ్లీ వేయకూడదన్నది సందేశం చెప్పే ఏడో మాట. చాలా పథకాల్లో ఇది అబద్ధం. రెండోసారి నెగ్గినవారు ఎందరో ఉన్నారు. యేల్ తరువాత రామకృష్ణన్ సుమారు యాభై విశ్వవిద్యాలయాలకు అధ్యాపక ఉద్యోగానికి రాసి, ఎక్కడా పిలుపు రాక జాతీయ ప్రయోగశాలల్లో పని వెతుక్కున్నారు. అయితే ఈ మాటలో ఒక రవ్వ నిజం ఉంది. మేరీ క్యూరీలో నిర్ణీత శాతం కన్నా తక్కువ మార్కులు వస్తే మరుసటి ఏడాది అదే ఆతిథ్య సంస్థతో వేయడానికి వీల్లేదు. అలాంటివారు మరో సంస్థతో వేయవచ్చు, లేదా ఒక ఏడాది ఆగవచ్చు. ఆ శాతం ఎంతో ఏటా మారవచ్చు కాబట్టి ఆ ఏటి మార్గదర్శిలోనే చూడండి. మార్కులతో పాటు సమీక్షకుల వ్యాఖ్యలు కూడా వస్తాయి. వాటిని మీకు ఆతిథ్యం ఇవ్వబోయే శాస్త్రవేత్తతో కలిసి చదివి, ప్రతిపాదనలో ఏ ప్రయోగం నమ్మశక్యంగా లేదన్నారో అక్కడి నుంచి తిరగరాయడం మొదలుపెట్టండి.