మౌంట్ కట్టర్ గారికి, నా చూపుడు వేలు సాక్షిగా

పటంలో బొమ్మ చుట్టూ పెట్టే మౌంట్ అనే అట్టకి మధ్యలో కిటికీ కోసే మహారాజశ్రీ మౌంట్ కట్టర్ గారికి నమస్కరించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం, నా ఎడమచేతి చూపుడు వేలు తప్ప. అక్కడ మీరు నా ఆన్‌లైన్ బుట్టలో క్షేమంగానే ఉన్నారని తెలుసు, ఎందుకంటే పొద్దున కాఫీకి ముందోసారి, రాత్రి పడుకోబోతూ ఇంకోసారి వచ్చి చూసి పోతూనే ఉన్నాను. మిమ్మల్ని బుట్టలో వేసి రెండున్నర నెలలు దాటింది. ఈ రెండున్నర నెలల్లో నేనెన్ని బొమ్మలు వేశానో మాత్రం అడక్కండి.

అసలు మీతో పనెందుకు పడిందో చెప్తాను. నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు బొమ్మ ఒకటి వేశాను, నీటిరంగుల్లో. నలభై నిమిషాల పని. ఆకాశం నాకంత బాగా కుదిరింది జన్మలో ఆ ఒక్కసారే. సరే పటం కట్టిద్దామని ఫ్రేముల షాపుకి తీసుకెళితే, ఆయన దాన్ని వెంకటేశ్వరస్వామికీ ఎవరిదో రిటైర్‌మెంటు సన్మాన పత్రానికీ మధ్యన దోపి "ఎల్లుండి రండి సార్" అన్నాడు. ఎల్లుండి వెళ్ళాను. బంగారు రంగు అంచు (నేను అడగలేదు) ధగధగా మెరిసిపోతోంది, గాజు కూడా శుభ్రంగా తుడిచాడు, కానీ బొమ్మలో ఏదో వెలితి. అటు తిప్పి ఇటు తిప్పి చూస్తే అప్పుడర్థమైంది, కింద కుడిపక్క నా సంతకం లేదు.

"రెడీమేడ్ ఫ్రేముకి అర అంగుళం ఎక్కువైంది సార్. కింద అంతా నీళ్ళే కదా, అడ్జస్ట్ చేశా."

మౌంట్ వెయ్యమన్నాను కదయ్యా అంటే, అది వేస్టు ఖర్చు సార్ అని నా డబ్బు నాకే ఆదా చేసిన గొప్ప మనసుతో నవ్వాడు. ఏమనగలం?

మౌంట్ వేస్టో కాదో మా తాతయ్యని అడగాలి. నరసాపురంలో మా ఇంటి హాల్లో ఆయన నలుపు తెలుపు ఫొటో ఉండేది, మౌంట్ లేకుండా గాజుకి ఆనించి బిగించింది. గోదారి గాలి, వానాకాలం చెమ్మ, గోడ తడి అన్నీ కలిసి నలభై ఏళ్ళలో ఫొటో వెళ్ళి గాజుకి అతుక్కుపోయింది. స్కాన్ చేయిద్దామని మా బాబాయి మెల్లగా ఊడదీస్తే తాతయ్య వచ్చాడు గానీ మీసం సగం గాజుకే ఉండిపోయింది. వీసం అంగుళం మందం అట్ట ఒకటి మధ్యలో ఉండుంటే గాజుకీ ఫొటోకీ ఆ మాత్రం ఎడం ఉండేది, మీసం మీసంలా ఉండేది. అట్ట కూడా ఏదో ఒకటి అంటే కుదరదు, ఆమ్లం లేనిది కావాలి, లేకపోతే కొన్నేళ్ళకి అదే కాగితాన్ని పసుపుపచ్చ చేసి కూర్చుంటుంది.

అందుకని మన పని మనమే చేసుకుందామని ముందు మీ తమ్ముణ్ణి కొన్నాను. అదే, అరచేతిలో పట్టుకుని స్టీలు స్కేలు వెంట తోసుకుంటూ పోయే బుల్లి కట్టర్. చవక. లోపల బ్లేడు 45 డిగ్రీల వాలుగా ఉంటుంది, ఆ వాలు వల్లే కిటికీ అంచు చుట్టూ తెల్లటి సన్నని గీత కనిపిస్తుంది, చూసేవాళ్ళు ఆహా అనేది ఆ గీతకే. మొదటిది కోశాను. మూలదాకా బ్లేడు రాకముందే ఆపేశాను, మధ్య ముక్క ఊడలేదు, కొంచెం లాగాను, మూల చిరిగి దూదిలా లేచింది. రెండోదానికి జాగ్రత్తపడి మూల దాటించాను, నాలుగు మూలల్లోనూ గీతలు ఒకదాన్నొకటి దాటి తాటాకు పందిరిలా తయారైంది. మూడోది అద్భుతంగా కోశాను, మూలలు మూలల్లానే ఉన్నాయి, తిప్పి చూస్తే తెల్ల గీత లేదు. వాలు అవతలిపక్కకి పోయింది. అట్టని వెనకనుంచి కొయ్యాలి, కట్టర్ ఎటు వాలిందో గీత గీసేటప్పుడే చూసుకోవాలి, ఇవన్నీ నాకు మూడు అట్టలు పోయాక తెలిశాయి. అట్ట కింద ఇంకో పాత అట్ట ముక్క పరవాలనీ, బ్లేడు దాన్ని గీరీ గీరనట్టు తగలాలనీ డైనింగ్ టేబుల్ రెక్సిన్ పోయాక తెలిసింది. నాలుగోదానికి స్కేలు జారింది. వేలు సంగతి పైన రాశాను.

ఇక మీ వంశంలో పెద్దవాళ్ళ మీద కన్ను పడింది. బల్లకి అల్యూమినియం పట్టా బిగించి ఉంటుంది, కట్టర్ దానికి తగులుకుని జారుతుంది, చెయ్యి వణికినా అది వణకదు. కాస్త పై మోడళ్ళలో రెండు చివర్లా అడ్డుకట్టలు కూడా ఉంటాయి, మూల దాటదు, పెన్సిలు గీతలతో పని లేదు. లోగన్ అనే కంపెనీ వాళ్ళది 32 అంగుళాలది ఉంది, 40 అంగుళాలది ఉంది. గోడకి నిలబెట్టేవి ఉన్నాయి, అవి గాజు కూడా కోస్తాయి. కంప్యూటర్‌తో కోసేవి కూడా ఉన్నాయట, వాటి ధర చూడగానే ఆ పేజీ మూసేసి మంచినీళ్ళు తాగాను.

ఒక మాట నిజం చెప్పుకోవాలి. కోఠీలో ఒక చిన్న షాపులో పెద్దాయన ఒకరు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మామూలు కత్తిని వాలుగా పట్టుకుని, స్కేలు మీద మోకాలు ఆనించి సర్రున నాలుగు కోతలు కోసి కిటికీ ముక్కని ఇలా తట్టి పడేశాడు. మూలలు దేవాలయంలా ఉన్నాయి. ఏ కట్టర్ వాడతారండీ అని అడిగాను నోరూరుతూ. "ఏదైతే ఏంది సార్, రెండు మౌంట్లకి ఒక బ్లేడు మారుస్త" అన్నాడు. నేను నాలుగింటికీ ఒకే బ్లేడు వాడాను, అదీ చవకని. మొద్దుబారిన బ్లేడు కొస అట్టలో వంగిపోతుంది, కోత విల్లులా వస్తుంది, మూల దగ్గర కొక్కెం తిరుగుతుంది. ఈ సంగతి మీ ప్రకటనల్లో ఎక్కడా రాయరేం? పట్టా గురించి పేజీలకి పేజీలు రాస్తారు, బ్లేళ్ళ పెట్టె మాత్రం ఎక్కడో అడుగున, విడిగా కొనుక్కోమని.

అయినా నాకు మీరే కావాలి. 40 అంగుళాలదే తీసుకుందామని లెక్క వేసి మరీ మా ఆవిడకి చూపించాను. బొమ్మ 15 బై 11. చుట్టూ పావు అంగుళం లోపలికి మూసేస్తే కిటికీ 14½ బై 10½. ఫ్రేము 20 బై 16. చుట్టూ పావుతక్కువ మూడంగుళాలు మిగులుతుంది, కానీ చూపుకి బొమ్మ కిందకి జారినట్టు ఉంటుంది కాబట్టి పైన రెండున్నర, కింద మూడు పెట్టాలి. ఆవిడ అంతా శ్రద్ధగా విన్నది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"పూర్తి అట్ట ఎంతుంటుందండీ?"

"40 బై 32."

"అంటే ఒక అట్టలో నాలుగు ఫ్రేములకి సరిపోతాయి."

"ఆ, వేస్టు ఒక్క ముక్క కూడా రాదు!"

"మీరు ఏడాదికి ఎన్ని బొమ్మలు పూర్తి చేస్తారు?"

నాలుగు. పోయినేడు మూడు, కానీ నాలుగనే చెప్పాను.

"ఏడాదికి ఒక్క అట్ట కొయ్యడానికి ఇంత బల్లా? మంచం కింద ఇప్పటికే మీ ఈజిల్ ఉంది, పాడైన కెమెరా స్టాండ్ ఉంది. ఆ కోఠీ ఆయన దగ్గరే కోయించుకోకూడదూ?"

జవాబు లేదు. బీరువాకీ గోడకీ మధ్య సందు టేపు పెట్టి కొలిచాను, 34 అంగుళాలు. 40ది పట్టదు, 32ది అంచు మీద నిలబెట్టి తోస్తే పడుతుంది. ఆవిడ ఇంకేమీ అనలేదు, తన ఇస్త్రీ బల్ల అక్కడినుంచి కదలకూడదని మాత్రం చెప్పింది. ఇస్త్రీ బల్లతో కలిసి ఉండటం మీకు అభ్యంతరమైతే ఇప్పుడే తెలియజేయగలరు.

ఇట్లు,
(సంతకం ఫ్రేముల షాపు చెత్తబుట్టలో ఉంది)

తా.క.: బల్లతోపాటు బ్లేళ్ళు ఎన్ని ఇస్తారో వెంటనే రాయండి. ఐదు కన్నా తక్కువైతే కోఠీ వెళ్తాను.