వేట నిషేధం నీకూ కావాలా అక్కా?

మా అక్క కంచరపాలెంలో ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తుంది. బ్లౌజుల మీద కుందన్లు, పూసలు, జర్దోసీ. ఆర్డర్లు చాలావరకు ఫేస్‌బుక్ పేజీ నుంచి, ఇన్‌స్టాగ్రామ్ నుంచి వస్తాయి. మొన్న ఏప్రిల్ చివరి ఆదివారం ఎండుచేపల కోసం ఇద్దరం విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. అక్కడ ఉన్నట్టుండి, అకౌంట్లు రెండూ జూన్ 14 దాకా డీయాక్టివేట్ చేస్తానంది, అంటే ఎవరికీ కనబడకుండా తాత్కాలికంగా ఆపేస్తానంది. నేను ఒప్పుకోలేదు. అప్పుడు మా మధ్య జరిగిన వాదన ఇది. రాసేది నేనే అయినా, నా మాటల్ని నాకు అనుకూలంగా దిద్దుకోలేదు.

అక్క: చూడు, బోట్లన్నీ ఎలా కట్టేసి ఉన్నాయో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట లేదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపేస్తారు. అలాగని బోట్లు అమ్మేసుకున్నారా? వలలు బాగు చేసుకుంటున్నారు, బోట్లకి రంగులేసుకుంటున్నారు. నాకూ అలాంటి రోజులు కొన్ని కావాలే.

నేను: ఇక్కడ అందరి బోట్లూ ఒకేసారి ఆగాయి అక్కా. ఒకడు ఆగితే ఇంకొకడు చేప పట్టుకుపోతాడన్న భయం లేదు. నువ్వు ఆగితే నీ ఒక్క బోటే ఆగుతుంది. మిగతావాళ్ళు వల వేస్తూనే ఉంటారు. పైగా వీళ్ళకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, 2025లో ఇంటికి 20,000 ఇచ్చారు. నీకెవరిస్తారు?

అక్క: ఎవరూ ఇవ్వరు. అందుకే నేనే దాచుకున్నాను. సంక్రాంతి నుంచి ప్రతి బ్లౌజు మీదా కొంత పక్కన పెడుతున్నాను. చేతిలో పదకొండు ఆర్డర్లున్నాయి, అవి పూర్తయ్యేసరికే జూన్ వస్తుంది. కొత్తవి తీసుకోవడం ఆపుతున్నాను గానీ పని ఆపడం లేదు.

నేను: అయితే ఆ మాటే ఒక పోస్టు పెట్టు. ఆర్డర్లు తీసుకోవడం లేదని రాస్తే సరిపోయేదానికి మనిషే కనబడకుండా పోవడం దేనికి?

అక్క: దసరాకి పెట్టాను కదా. ఆ పోస్టు కిందే ‘ప్రైస్ ప్లీజ్’ అని అడిగారు. నీకు తెలీదే, నేను కుట్టుకునేది పిల్లలు పడుకున్నాక. ఫోన్ మగ్గం చట్రం మీదే ఉంటుంది. అది వైబ్రేట్ అయితే చట్రమంతా వణుకుతుంది. బిగించిన బట్ట మీద పోసుకున్న పూసలు ఎగిరి అంచుకి దొర్లిపోతాయి. కొన్ని గచ్చు మీద పడతాయి. మెసేజ్ వచ్చినప్పుడల్లా వంగి ఏరుకోవాలి. ఎలాగూ లేచాను కదా, ఎవరో చూద్దామని ఫోన్ తీస్తాను. తీస్తే ఇంకెవరిదో వర్క్ కనిపిస్తుంది. నాదానికన్నా బాగుందా, ఎంత రేటు పెట్టింది, ఎంతమంది మెచ్చుకున్నారు, ఇదే చూస్తూ కూర్చుంటాను. అరగంట పోతుంది. మళ్ళీ సూది పట్టుకుంటే చెయ్యి నాది కాదు. ఆవిడ నెమలే నా బట్ట మీదికి వస్తోంది.

(ఈ మాటకి నేను వెంటనే బదులు చెప్పలేకపోయాను. నిజమే, ఈమధ్య అక్క నెమళ్ళన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటున్నాయి. ఇదివరకు మా అమ్మమ్మ వేసే ముగ్గుల్లోంచి డిజైన్లు తీసేది. చుక్కలు లెక్కపెట్టుకుంటూ కుట్టేది. ఆ పని చూడడానికే నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని.)

నేను: పోనీ నోటిఫికేషన్లు ఆపెయ్. ఫోన్ పక్క గదిలో పెట్టుకో.

అక్క: నాన్నకి షుగర్ వచ్చినప్పుడు అమ్మ ఏం చేసింది? స్వీట్ల డబ్బాకి మూత బిగించిందా? ఇంటికి స్వీట్లు తేవడమే మానేసింది.

నేను: స్వీట్లు తినకపోతే నష్టం లేదు. ఇది నీ కొట్టు. ఫేస్‌బుక్ డీయాక్టివేట్ చేస్తే నీ ప్రొఫైల్ ఎవరికీ కనిపించదు. పేజీ నడిపే అడ్మిన్‌వి నువ్వొక్కదానివే, కాబట్టి పేజీ కూడా కనిపించదు. ఇన్‌స్టాలో ఫొటోలు, వాటి కింద నువ్వు పెట్టిన కామెంట్లు అన్నీ దాగిపోతాయి. ఎవరో పెళ్ళిలో నీ బ్లౌజు చూసి పేరడుగుతారు, ఇంటికెళ్ళి వెతుకుతారు. ఏమీ రాదు. మానేసిందేమో అనుకుని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

అక్క: నాది ఎక్కడికీ పోదు కదా. మళ్ళీ లాగిన్ అయితే అన్నీ ఉన్నవి ఉన్నట్టే వస్తాయి.

నేను: సరైన బటన్ నొక్కితే వస్తాయి. సెట్టింగ్స్‌లో డీయాక్టివేట్, డిలీట్ రెండూ ఒకేచోట ఉంటాయి. చెయ్యి జారి డిలీట్ నొక్కావో, 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలి. దాటితే పోయినట్టే. ఎక్స్‌లో, అదే మన పాత ట్విట్టర్‌లో, డీయాక్టివేట్ అన్నమాటకే అర్థం వేరు. మామూలుగా 30 రోజులు లాగిన్ కాకపోతే అకౌంటే పోతుంది.

అక్క: నాకు ఎక్స్ లేదు కదే.

నేను: మన చిన్నాడికి ఉంది. నిన్ను చూసి వాడూ నొక్కుతాడు. ఇంకోటి విను. ఇన్‌స్టాలో వారానికి ఒక్కసారే డీయాక్టివేట్ చేయనిస్తారు. మనసాగక మూడో రోజు తెరిచావనుకో, మళ్ళీ మూయాలంటే వారం అయ్యేదాకా ఆగాలి. ఫేస్‌బుక్ సంగతైతే, వేరే ఏ యాప్‌లోకైనా ఆ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, ఇక్కడ తెరుచుకుంటుంది. పాప నీ ఫోన్‌లో ఆడే గేమ్ నీ ఫేస్‌బుక్‌తోనే కదా తెరుస్తుంది?

అక్క: ఇన్ని తెలిసినదానివి అడ్డం చెప్పడానికా వాడుతున్నావు? పక్కన కూర్చుని సరిగ్గా చేయించొచ్చు కదా.

నేను: చేయిస్తాను. ఇప్పుడు కాదు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఎవరైనా కొట్టు మూస్తారా? ఆషాఢంలో ఆపుకో.

అక్క: ఆషాఢం రాగానే శ్రావణం బ్లౌజులంటావు. వరలక్ష్మీ వ్రతం అయితే దసరా, ఆ తర్వాత కార్తీకంలో పెళ్ళిళ్ళు, ఈలోగా సంక్రాంతి. పంచాంగం తెచ్చి అందులో నాకు తీరిక మాసం ఎక్కడుందో చూపించు, అప్పుడే ఆపుతాను.

(వెతికితే ఒక్క నెల కూడా దొరకదని నాకూ తెలుసు. అందుకే లోపల ఉన్న అసలు మాట బయటపెట్టాను.)

నేను: నీ వ్యాపారం గురించి కాదు అక్కా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను విజయవాడలో హాస్టల్‌లో ఉన్నాను. మీ అందరి నంబర్లూ మార్చి మార్చి కొట్టాను. ఒక్కటీ మోగలేదు. టీవీలో పడిపోయిన చెట్లు చూపిస్తుంటే వాటి వెనక మన వీధి ఉందేమోనని వెతుక్కున్నాను. అప్పటి నుంచి ఎవరైనా కనబడడం లేదంటే నాకు టెన్షన్. పొద్దున లేచి నీ పేరు పక్కన పచ్చచుక్క చూస్తాను. మెసేజ్ కూడా పెట్టను. ఉందిలే అనుకుని బ్రష్ చేసుకుంటాను.

అక్క: ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేమే?

నేను: చెప్పేంత పెద్ద విషయం కాదనుకున్నాను.

అక్క: అప్పుడు మమ్మల్ని గాలి ఆపేసింది. చెప్పే దారి లేదు. ఇప్పుడు నీ ముందు నిలబడి చెప్పి మరీ ఆపుతున్నాను. జాలరిపేట ఒడ్డున తెప్పలు చూశావు కదా, ఇంజన్ లేని తెప్పకి నిషేధం లేదు. ఇప్పుడు కూడా వెళ్ళొచ్చు. ఆగింది ఇంజన్ ఉన్న బోట్లే. నా వాట్సాప్ ఉంటుంది, ఫోన్ ఉంటుంది. పచ్చచుక్క ఎందుకు, పొద్దున్నే నేనే నీకు కాల్ చేస్తాను. ఫేస్‌బుక్ ఆపినా మెసెంజర్ ఉంచుకోవచ్చట, కావాలంటే అదీ ఉంచుతాను.

నేను: మెసెంజర్ ఉంచితే ఇంక ఆపినట్టెలా? రాత్రిపూట చట్రం వణికించేది అదే కదా. అదీ తీసెయ్.

(ఆ మాటతో నేను తన వైపుకి వచ్చేశాను. అక్క నవ్వలేదు, తల మాత్రం ఊపింది. ఆపాలన్నదాంట్లో ఇక పేచీ లేదు, ఎలా ఆపాలన్నదాంట్లోనే. నిజానికి అక్కడే మేం ఎక్కువసేపు పోట్లాడుకున్నాం.)

నేను: పేజీ మాత్రం కనబడకుండా పోకూడదు. నన్ను కూడా అడ్మిన్‌గా పెట్టు. నీ ప్రొఫైల్ ఆగినా పేజీ నిలబడుతుంది. నాకు జూన్ రెండో వారం దాకా స్కూలు సెలవులే.

అక్క: ఆ ‘ప్రైస్ ప్లీజ్’లన్నీ నీ నెత్తిన పడతాయి. నా బరువు నీకు ఎత్తడానికా నేను ఆపేది? సెలవులు నీ పిల్లలవి కూడా.

నేను: రోజుకి ఒక్కసారి చూస్తాను, సాయంత్రం ఆరింటికి.

అక్క: నేనూ మొదట్లో ఒక్కసారే అనుకున్నాను.

నేను: నీకూ నాకూ తేడా ఉంది. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఎవరి నెమలి ఎంత బాగున్నా నా చేతిని అది ఏమీ చేయదు. అదే పేజీ నిన్ను పిండేస్తుంది, నన్ను తాకదు. నా దగ్గర ఉంటే తప్పేముంది?

అక్క: ‘ఈ పనికి ఇంత రేటా’ అని అడుగుతారు. అదైనా తాకదా?

నేను: తాకుతుంది. వాళ్ళకి నీలా సర్దిచెప్పను, అంతే.

అక్క: అందుకే ఇవ్వనంటున్నాను.

(ఇది తేలలేదు. ఇప్పటికీ పేజీకి అడ్మిన్ అక్క ఒక్కతే. వలలు అల్లేవాళ్ళ పక్కన నిలబడి, నా చేత టైపు చేయించి ఒక పోస్టు మాత్రం సిద్ధం చేసింది: ‘జూన్ 14 దాకా ఈ పేజీ కనిపించదు. మానేయలేదు. ఇచ్చిన బ్లౌజులు చెప్పిన తేదీకే అందుతాయి. తప్పనిసరి అయితే పగటిపూట ఫోన్ చేయండి.’ మూడు రోజులు అది అందరికీ కనబడనిచ్చి, ఫొటోలు డౌన్‌లోడ్ చేసుకుని, ఆ తర్వాత ఆపాలని ఒప్పందం. ‘మానేయలేదు’ అన్న మాట నేను చెప్పింది కాదు, తనే పెట్టించింది. దాన్ని రెండుసార్లు చదివించుకుంది.)

నేను: జూన్ 14 దాకా ఎందుకు? ఒక నెల చాలదా?

అక్క: బోట్లు కదిలిన రోజే నేనూ.

నేను: అంతకుముందే తెరుస్తావు చూడు.

అక్క: తెరవాలనిపిస్తే తెరుస్తాను. తాత్కాలికమే కదా, ఒట్టేమీ పెట్టుకోలేదు. ముందు ఆ నెత్తళ్ళు కిలో ఎంతో అడుగు.