ఫైర్ కోటుకు టైలరు కుట్టు ఎందుకు పనికిరాదు

అగ్నిమాపక సిబ్బంది వేసుకునే కోటు మోచేతి దగ్గర బొటనవేలంత మేర చిరిగిందనుకుందాం. చూపుకు పై గుడ్డ మాత్రమే పోయింది. ఊళ్లో మంచి టైలరున్నాడు, మిషను గట్టిది, పావుగంటలో మాసిక వేసి ఇస్తాడు. కుట్టు ముచ్చటగానే ఉంటుంది. కోటు మాత్రం చిరుగుతో ఉన్నప్పటికన్నా ప్రమాదకరంగా తయారై ఉండవచ్చు.

ఆ కోటులో మూడు పొరలుంటాయి. పైది అరామిడ్ అనే, వేడిని తట్టుకునే కృత్రిమ నూలుతో నేసిన గుడ్డ. నోమెక్స్, కెవ్లార్ అనే పేర్లతో మనం వినేది ఈ జాతి నూలే. మధ్యది బయటి నీటిని ఆపి, లోపలి చెమట ఆవిరిని వదిలే పల్చటి పొర. ఒంటివైపు ఉండేది మెత్తటి అస్తరు. కాపాడేదంతా పై గుడ్డే అనుకుంటాం గానీ, వేడిని నిలువరించే పని చాలావరకు లోపలి పొరలది, వాటిలో చిక్కుకున్న గాలిది. టైలరు సూది మధ్య పొరలోకి దిగిందంటే ఆ రంధ్రాల గుండా నీళ్లు అస్తరులోకి చేరతాయి. తడిసిన అస్తరు వేడిని తొందరగా ఒంటికి చేరవేస్తుంది. ఆ నీరే ఆవిరైతే మంట తాకకుండానే చర్మం కాలుతుంది. తయారీలో ఈ పొర కుట్లన్నిటి మీదా టేపు అంటించేది ఇందుకే. మిషను మీద వేసిన మాసికకు ఆ టేపు ఉండదు.

ఇక దారం. మామూలు పాలిస్టర్ దారం 260 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కరిగిపోతుంది. అరామిడ్ కరిగే రకం కాదు, అది మాడటానికి ఇంకా చాలా వేడి కావాలి. అంటే గుడ్డ నిలిచే వేడిలో కుట్టు విడిపోతుంది. పేరు పట్టీలు, బిళ్లలు, లోగోలు ముచ్చటపడి కుట్టించడం కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

అమెరికాలో ఈ వ్యవహారానికి 2001 నుంచే ప్రత్యేక ప్రమాణం ఉంది. అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం (ఎన్‌ఎఫ్‌పీఏ) రూపొందించిన దాని పేరు ఎన్‌ఎఫ్‌పీఏ 1851. ఇటీవల దాన్ని 1850 అనే ఉమ్మడి ప్రమాణంలో కలిపారు. పై గుడ్డకు చిన్న అతుకు, ఊడిన హుక్కు లాంటి పనులు శిక్షణ పొందినవారు చేయవచ్చు, అదీ తయారీకి వాడిన రకం గుడ్డ, దారంతోనే. మధ్య పొర జోలికి వెళ్లాలంటే తయారీదారో, గుర్తింపు పొందిన మరమ్మతు సంస్థో ఉండాల్సిందే. నాకు బాగా నచ్చింది అందులోని తనిఖీ పద్ధతి. ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. లోపలి పొరలను కోటు నుంచి విడదీసి, లోపలి నుంచి దీపం పెట్టి చూస్తారు. అస్తరు పల్చబడిన చోట వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత ఒక భాగం ఆల్కహాల్, ఆరు భాగాల నీళ్లు కలిపి ఒక కప్పు మధ్య పొర మీద పోసి, మూడు నిమిషాలు ఆగి అవతలి వైపు తడిమి చూస్తారు. తడి తగిలితే ఆ కోటు పక్కన పెట్టాల్సిందే. ఈ పరీక్ష మన జిల్లా కేంద్రంలోని ఏ ఫైర్ స్టేషన్‌లోనైనా చేసుకోవచ్చు.

ఉతకడం దగ్గర మన ఇళ్లలోని మంచి అలవాట్లే ఎదురు తిరుగుతాయి. మొండి మరకకు బ్లీచింగ్ వేస్తాం, మరిగే నీళ్లు పోస్తాం, తర్వాత ఎర్రటి ఎండలో ఆరేస్తాం. క్లోరిన్ బ్లీచ్ అరామిడ్‌ను తినేస్తుంది. నీటి వేడి 40 డిగ్రీలు దాటకూడదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు కెవ్లార్ బలం తగ్గిపోతుంది, పైకి గుడ్డ బాగానే ఉన్నట్టుంటుంది. నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో తేమకు మూడు పొరల కోటు నీడన ఎప్పటికి ఆరుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకు జవాబు ఆరబెట్టే గది, లేదా మార్చుకోవడానికి రెండో జత. ఒక్క జతే ఇచ్చి ఉతుక్కోమనడం ఉతకవద్దని చెప్పడమే.

ఉతక్కపోతే ఏమవుతుందో తేలికగా తీసుకునే రోజులు పోయాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అంతకుముందు అది ‘కారకం కావచ్చు’ అన్న వర్గంలో ఉండేది. మసిలోని విషపదార్థాలు కోటుకు పట్టి, దానితోపాటు వాహనంలోకి, విశ్రాంతి గదిలోకి, ఇంటికి వస్తాయి. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో మంట ఆరిన చోటనే సబ్బు నీళ్లతో రుద్ది కడిగితే కోటు పైభాగాన పట్టిన, మసిలో ఉండే పాలీసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లనే విషపదార్థాల మలినం 85 శాతం మేర తగ్గింది. పొడి బ్రష్‌తో రుద్దితే తగ్గింది 23 శాతమే. ఒక బకెట్, సబ్బు, బ్రష్, ఎలాగూ చేతిలో ఉన్న గొట్టం చాలు. మసి పట్టిన కోటును అనుభవానికి గుర్తుగా చూసే గొప్పతనం అక్కడి సిబ్బందిలోనూ ఉండేది. అది వదిలించుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

ఈ మాటలు ఇప్పుడెందుకంటే, డబ్బు వస్తున్న కాలమిది. రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 2023లో 6,400 కోట్ల రూపాయల పథకం ప్రారంభించింది. అందులో 5,000 కోట్లు కేంద్రానివి. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలు మినహా తక్కినవి 25 శాతం భరించాలి. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ తక్కినవాటిలోనివే. దుస్తులు ఎలా ఉండాలో చెప్పడానికి మనకు ఐఎస్ 16890 అనే 2018 నాటి భారతీయ ప్రమాణం ఉంది. కొన్న తర్వాత సంగతి మాత్రం కొన్నవారే చూసుకోవాలి. ఫైరింజనుకు సర్వీసింగ్ పద్దు ఉన్నట్టే కోటుకూ ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

అమెరికా నిబంధనలన్నీ తెచ్చి యథాతథంగా పెట్టమని నేననను. తయారైన పదేళ్లకు కోటును తప్పనిసరిగా తీసేయాలన్నది అక్కడి నియమం. చిన్న పట్టణాల స్వచ్ఛంద దళాలు దాని ఖర్చు భరించలేమని అక్కడే గొణుగుతుంటాయి. మన దగ్గర ఏటా నిజాయితీగా తనిఖీ జరిగితే అదే పెద్ద మేలు. అయితే ఆ నియమంలో ఒక మెలిక గమనించాలి. పదేళ్లూ లెక్కపెట్టేది తొడిగిన రోజు నుంచి కాదు, తయారైన రోజు నుంచి. ఒకేసారి వేల జతలు కొని గోదాములో పెడితే వాటి ఆయుష్షు అక్కడే తరిగిపోతుంది. ఏటా కొంత చొప్పున కొనడమే మేలు. మరమ్మతు కేంద్రం ఎక్కడుందో, పంపిన కోటు ఎన్ని రోజుల్లో తిరిగొస్తుందో చెప్పని సరఫరాదారుకు ధర ఎంత తక్కువైనా టెండరు ఇవ్వకూడదు. తిరిగొచ్చిన కోటుతోపాటు ఏ గుడ్డ, ఏ దారం వాడారో, మధ్య పొరను పరీక్షించారో లేదో రాసిన కాగితం రావాలి. అది లేకపోతే కోటును వెనక్కి పంపే అధికారం స్టేషన్ అధికారికి ఉండాలి.