ముఖం ఒకవైపే లాగుతుంటే అది మామూలు అదురు కాదు

కన్ను అదరడానికి నిద్రలేమి, టెన్షన్, కాఫీ ఎక్కువ తాగడం కారణాలని సాధారణంగా చెబుతుంటారు. రెప్ప మాత్రమే అదిరి కొద్ది రోజుల్లో తగ్గిపోతే అది సరే. కానీ అదురు కంటి దగ్గర మొదలై, నెలలు గడిచేకొద్దీ అదే వైపు చెంపకూ నోటి మూలకూ పాకితే అది హెమీఫేషియల్ స్పాజమ్, అంటే ముఖంలో ఒకవైపు కండరాలు వాటంతటవే బిగుసుకునే జబ్బు కావచ్చు. మా పెద్దమ్మకు ఇదే. ఎడమ కన్ను అదిరితే ఆడవాళ్లకు మంచిదని మొదట ఇంట్లో సంతోషపడ్డారు, తర్వాత పక్షవాతమేమోనని హడలిపోయారు. పక్షవాతంలో ముఖం వాలిపోతుంది, ఇందులో కండరం బిగుసుకుని లాగుతుంది. నిద్రలో కూడా ఆగకపోవచ్చు. రెండు కళ్లూ వాటంతటవే గట్టిగా మూసుకుపోతుంటే అది ఇంకో జబ్బు, బ్లెఫరోస్పాజమ్.

హెమీఫేషియల్ స్పాజమ్‌కు చాలామందిలో అసలు కారణం, ముఖ నరం మెదడు నుంచి బయటికి వచ్చే చోట ఒక రక్తనాళం దాన్ని ఒత్తడం. అందుకే న్యూరాలజిస్టులు ఎమ్మారై తీయిస్తారు. బొటాక్స్ అంటే సినిమావాళ్ల అందం కోసమే అనుకుంటారు గానీ, దీనికి బాగా పనిచేసే ఇంజెక్షన్ అదే. ప్రభావం సుమారు 3 నెలలు ఉంటుంది, మళ్లీ చేయించుకోవాలి. కొన్నాళ్లు రెప్ప వాలడం, కన్ను పొడిబారడం ఉండొచ్చు. నరానికీ రక్తనాళానికీ మధ్య చిన్న మెత్త పెట్టే ఆపరేషన్‌తో ఎక్కువమందికి పూర్తిగా తగ్గుతుంది. అయితే ఆ వైపు వినికిడి దెబ్బతినే ప్రమాదం కొంత ఉంది, కాబట్టి ఈ ఆపరేషన్‌లో అనుభవమున్న న్యూరోసర్జన్ దగ్గరికే వెళ్లండి.

ఇంకొకటి, డాక్టర్ ఎదుట ఒక్కోసారి అదురు రాదు. ఇంట్లో వచ్చినప్పుడే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి.